పన్నెండో మంచం

చెరువు కట్ట తెగిన రోజు లక్ష్మీరాజం పారిపోయాడు. గంగాదాస్‌కు అందులో అనుమానం లేదు.

ఏడేళ్లుగా ఆర్మూర్ మార్కెట్‌లో పసుపు బస్తాల మీద కూర్చుని ఎవరడిగినా అదే చెప్పేవాడు.

లక్ష్మీరాజం ముప్పై ఏళ్ల హైదరాబాద్ మనిషి. వరదల మీద పరిశోధన అన్నాడు. భీమ్‌గల్ దగ్గర, చెరువు కిందున్న గంగాదాస్ ఊళ్లో బస చేసి ఇల్లిల్లూ తిరిగాడు.

"కట్ట తెగితే మీ ఇంట్లో నడవలేనిదెవరు?"

"కట్ట తెగుతదని నీకు కల పడ్డదా సారూ?" అని నవ్వింది కనకవ్వ. నవ్వుతూనే కదల్లేని అత్త పేరు రాయించింది.

అలాంటివాళ్లు పన్నెండు మంది తేలారు. ఒక్కో మంచం మోయడానికి నలుగురిని పేరుపేరునా పెట్టాడు. ఎండలో మంచాలు మోయించి, గుట్టెక్కడానికి ఎంతసేపు పడుతుందో గడియారంలో చూశాడు.

పన్నెండో మంచం గంగాదాస్ భార్య మంగవ్వది. పక్షవాతం.

"బతికున్నదాన్ని పాడె ఎత్తినట్టు ఎత్తుతరా? పేరు కొట్టెయ్!" అన్నాడు గంగాదాస్.

"ఒక్కసారి మోసి చూద్దామన్నా."

"నా పెండ్లానికి నేనున్న. నువ్వు గడప తొక్కకు."

లక్ష్మీరాజం పేరు కొట్టేశాడు.

ఆ వానాకాలంలోనే, మిగిలిన పసుపు అమ్మడానికి గంగాదాస్ ఆర్మూర్ వెళ్లిన రోజు మధ్యాహ్నం, నీళ్లు కట్ట మీంచి పొర్లాయి. లక్ష్మీరాజం వీధి వీధీ ఈల ఊదుతూ పరుగెత్తాడు. ఆ తర్వాత కట్ట తెగింది.

అప్పటికి పదకొండు మంచాలు గుట్టెక్కాయి. పదకొండు మందీ బతికారు.

మంగవ్వ శవం కూడా దొరకలేదు. లక్ష్మీరాజం మళ్లీ కనబడలేదు.

"మా అందర్నీ ఇడిసి ఉరికిండు నీ తమ్ముడు," అన్నాడు గంగాదాస్, వెతుక్కుంటూ వచ్చిన అతని అన్నతో.

ఏడేళ్ల తర్వాత, మార్కెట్‌లో తూకాలు రాసుకునే పనికి పోచన్న కొత్తగా వచ్చాడు. ఏర్గట్ల వైపు వాడు.

"పేరేంది పటేలా?"

"గంగాదాస్."

"గీ పేరు మా ఊళ్ల సమాధి మీదున్నది!"

"ఎవలది?"

"తెల్వదు. ఏడేండ్ల కింద వరదల కొట్టుకొచ్చిండు. ముప్పై ఏండ్లుంటయి. ఒకామెను చీరతోని వీపుకు కట్టుకున్నడు. ఆ ముడి మాతోని ఊడలే. తల్లీకొడుకులని ఒక్క గుంతలనే పెట్టినం."

"మరి... పేరు?"

"ఆమె చేతి మీద గంగాదాస్ అని పచ్చబొట్టు ఉండె. కొడుకు పేరే కావచ్చని రాయి మీద చెక్కిచ్చినం."

పెళ్లయిన ఏడాది మంగవ్వకు గంగాదాసే పొడిపించిన పచ్చబొట్టది.

బస్తాలు అక్కడే వదిలి ఏర్గట్ల బస్సెక్కాడు.

రాయి మీది తన పేరు తీయించి, 'మంగవ్వ కొడుకు లక్ష్మీరాజం' అని చెక్కించాడు. లక్ష్మీరాజం పారిపోయాడన్న మాట మళ్లీ ఎన్నడూ అనలేదు.