జారిన స్వరం

నాన్న, అనంతపద్మనాభం ఘనపాఠి గారు, పోయి నెలైంది. ఆ రాత్రి ఆయన వేదపాఠం రికార్డింగులకు చెక్‌సమ్‌లు సరిచూస్తూ కూర్చున్నాను. చెక్‌సమ్ అంటే ఫైలుకు వేలిముద్ర లాంటిది. లోపల రవ్వంత మారినా ఆ అంకె మొత్తం మారిపోతుంది.

"అయితే మా ఘనపాఠం లాంటిదేరా," అనేవారు నాన్న. "పదాలు ముందుకీ వెనక్కీ తిప్పి చదివేది అందుకే. ఒక్క స్వరం జారినా దొరికిపోతుంది."

కమాండ్ కొట్టాను. అన్ని ఫైళ్లూ నాన్న ఉండగా రాసిపెట్టుకున్న అంకెలతో సరిపోయాయి, ఆఖరిది తప్ప. దానికి కొత్త అంకె వచ్చింది.

అది నాన్న చివరిసారి చదివిన పాఠం. అందులో ఒకచోట ఆయనకు స్వరం జారింది. మళ్లీ చదువుతాను, మళ్లీ చదువుతాను అంటూనే వెళ్లిపోయారు.

ఫైలు పాడైందేమోనని పెట్టి విన్నాను. అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. చేపల చెరువుల్లో నీళ్లకు గాలి కొట్టే ఏరేటర్ల హోరు రికార్డింగులోనూ ఉంది, కిటికీ అవతలా ఉంది. ఆ చోటు వచ్చింది. స్వరం జారలేదు. నిండుగా, నిలకడగా పలికింది. వెనక హోరు ఎక్కడా తెగలేదు, ఎవరో అతికించిన జాడ లేదు.

బీరువాలోంచి రెండో డిస్కు తీశాను. నాన్న ఉండగా దాచిన కాపీ అది. మళ్లీ ఏ కంప్యూటరుకూ తగిలించలేదు. ఇప్పుడు తగిలించి కమాండ్ కొట్టాను.

అదే కొత్త అంకె వచ్చింది. మొదటి నుంచి చివరి దాకా ఎక్కడా తేడా లేదు.

అమ్మ చేతులు జోడించింది.

"ఈ నెల్రోజులుగా రాత్రుళ్లు మీ నాన్నగారు సాధన చేస్తున్నార్రా అంటే నువ్వు నమ్మలేదు," అంది.