కుందేలు కారుకు చిల్లు

పెళ్లికొడుకు కుందేలు తన చిట్టికారులో ముహూర్తానికి బయల్దేరింది. యాక్సిలరేటర్‌ని కసిగా తొక్కడం, మరుక్షణమే బ్రేకు మీద నిలబడటం దాని అలవాటు. సగం దారిలోనే పెట్రోలు అయిపోయి కారు ఆగింది.

కబురందుకుని మెకానిక్ ముంగిస సీసాడు పెట్రోలుతో వచ్చింది.

"ట్యాంకుకు చిల్లు పడింది మామా, కాస్త చూడు" అంది కుందేలు.

ముంగిస కారు కిందకి దూరి చూసింది. చిల్లూ లేదు, గిల్లూ లేదు. వెనక సీట్లో మాత్రం సగం ఒలికిపోయిన పానకం బిందె కనిపించింది. సీసా ట్యాంకులో వంపేసి, బిందెలోంచి చెంబు నిండా పానకం ముంచి కుందేలు ఒళ్లో పెట్టింది.

"పట్టుపంచె జాగ్రత్త అల్లుడూ! మరక పడితే ఆడపెళ్లివారు ఏడాదంతా చెప్పుకుని నవ్వుతారు" అంటూ పక్కన కూర్చుంది.

కుందేలు ఊపిరి బిగబట్టి, గుంతలు దూరాన ఉండగానే నెమ్మదించి, మెత్తగా నడిపింది. మండపం చేరేసరికి పోసిన సీసాడు పెట్రోలులో సగం ట్యాంకులో మిగిలే ఉంది.

"భలే పూడ్చావు మామా! ఇంతకీ చిల్లు ఎక్కడుంది?"

"నీ కుడికాల్లో."

గుమ్మంలో నిలబడి అంతా విన్న పెళ్లికూతురు, దండ సంగతి తర్వాత చూద్దామని, ముందు కారు తాళాల కోసం చెయ్యి చాపింది.