నోరు కట్టిన నెల

ఆటో బోల్తాపడి దవడ విరిగిన బసవరాజుకు రాయచూరులో ఆపరేషన్ చేసి, పళ్ళను తీగలతో బిగించారు. నెల రోజులు నోరు తెరవకూడదు.

గంజి గ్లాసులో స్ట్రా వేసి ఇస్తూ భార్య మద్దమ్మ అంది:

"మా అక్క సచ్చే ముందు, ఆమె ఊరు మల్లట్ పోయి ఒక్కసారి చూసొస్త అన్న. అరిసి నా నోరు మూయించినవ్. యాదుందా?"

అరవబోయాడు. తీగలు గుంజి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మూడేండ్లాయె. ఇంట్ల ఆమె పేరెత్తనీకె భయం. ఇయ్యాల నువ్వు అరవలేవు, ఇను."

ముఖం తిప్పుకుందామన్నా వాపు తిప్పనివ్వలేదు. అంతా వినాల్సి వచ్చింది.

చివరికి పక్కనున్న పలక అందుకున్నాడు. మద్దమ్మ భయపడి అడుగు వెనక్కి వేసింది.

'మీ అక్కకు ఏం జబ్బుండె?' అని రాశాడు.

మద్దమ్మ మంచం అంచున కూలబడింది.

"రొమ్ముల గడ్డ," అంది. "ఆ పొద్దు అదే చెప్పనీకె వచ్చిన."