మత్తడి కాడ లొల్లి

గాలం కర్ర ఫట్టుమని విరిగింది.

శ్యామల దాన్ని మోకాలికేసి విరిచి, రెండు ముక్కలూ కట్ట కిందికి విసిరేసింది. దారం అంతకు ముందే కొడవలితో కోసేసింది. దారానికి చిక్కిన కొర్రమట్ట నీళ్లలోకి జారిపోయింది. పొద్దున్నుంచి చెరువు నిండితే నీళ్లు పొర్లే మత్తడి రాళ్ల మీద కదలకుండా కూర్చుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి చేప పట్టిన ఎనిమిదేళ్ల వందన ఒక్క క్షణం నోరు తెరుచుకుని చూసింది. తర్వాత బావురుమంది.

ఇక చూడాలి సదానందం కోపం! మనవరాలి కంట నీళ్లు చూసి ఏ తాత ఊరుకుంటాడు? ఒంటికాలి మీద లేచాడు.

"ఏయ్! చేతులెట్లొచ్చినయే నీకు? పసిపిల్ల కనవడ్తలేదా?"

"ఏయ్ గీయ్ అంటె బాగుండది పెద్దమనిషీ. నేను గీ చెరువు కావలిదాన్ని. చేపల సంఘంల లేనోళ్లు గాలమేసుడు బంద్. కట్ట మీద బోర్డు సూడలేదా?"

"బోర్డు తీస్కపోయి నీ నెత్తిన పెట్టుకో! ఒక్కటంటె ఒక్క చేప. గంతల నీ చెరువు ఎండిపోతదా?"

"అందరు గదే అంటరు. మిమ్ముల ఎన్నడు గీ ఖానాపూర్ దిక్కు సూడలే. ఏ ఊరు మీది?"

"ఏ ఊరైతె నీకేంది? అసలు మనిషి పుట్టుకేనా నీది? పొల్ల పొద్దుగాల నుంచి మంచినీళ్లు సుత తాగలే. నీళ్ల మీద తేలే గా గాలం బెండు దిక్కే సూస్కుంట కూసుంది. రేపు మల్ల హాస్టలుకు పోతది. దాని ఉసురు తాకుతది నీకు!"

ఆ మాటతో శ్యామల ముఖం ఎర్రబడింది. కొడవలి కింద పడేసి, కొంగు నడుముకు దోపింది.

"నాకెందుకు తాకుతది? నాకేం సంబురమా పిల్లలను ఏడిపిచ్చుడు? నాకు సుత ఇద్దరు పిల్లలున్నరు. సంఘాలన్నిటికి కొత్తగ ఓ పెద్దసారు వచ్చిండు. మేం మొఖం సుత సూడలే. అంత ఫోన్లనే హుకుం. పసిపోరలైన సరే, గాలం కనవడితే ఇరగ్గొట్టుమన్నడు. నాకంటె ముందు కొమురెల్లి మామ ఈడ కావలుండె. ఓ పిలగాడు రెండు జెల్ల చేపలు వడితే పాపం అని ఇడిశిపెట్టిండు. గంతే, తెల్లారే నౌకరి ఊశింది. మీ పొల్లను ఇడిశిపెడితె రేపు నా గతేంది?"

సదానందం మనవరాలి చెయ్యి పట్టుకున్నాడు. చుట్టూ ఓసారి చూశాడు.

"సరే తీ. ఏదో కోపంల అన్న. పా బిడ్డా, ఇంటికి పోదాం" అన్నాడు.

ఇంతసేపు చెరువు దద్దరిల్లేలా అరిచిన మనిషి, పెద్దసారు మాట వినగానే ఇట్టే చప్పబడ్డాడు. అంతే మరి, లేనివాళ్ల మీదే కదా మన ప్రతాపమంతా!

వందన చెయ్యి విదిలించుకుంది. "నేను రాను. గా సారును అడుగు తాతా! నా చేప పోయింది. నువ్వు అడుగు!"

"ఆయన పెద్దోడు బిడ్డా. ఊకో. ఇంకో గాలం కొనిస్త."

"ఓహో!" అంది శ్యామల. ఇప్పుడు ఒంటికాలి మీద లేవడం ఆమె వంతయింది. "గింతసేపు నన్ను మనిషి పుట్టుకేనా అంటివి. దినకూలిదాన్నని నా మీదనే ఎగురుతవా? పెద్దోని మాట ఎత్తంగనే తోక ముడిశినవేంది? జర ఆగు. నంబరున్నది నా తాన. నాకైతే అడిగే ధైర్యం లేదు, నువ్వన్న అడుగు. గింతంత పిల్లను ఏడిపిచ్చుమని ఎట్ల చెప్పినవని నువ్వే అడుగు!"

"వద్దమ్మా. దండం పెడుత, వద్దు" అంటూ సదానందం మనవరాలి రెక్క పట్టుకుని గబగబా నడిచాడు. వందన కాళ్లు తన్నుకుంటూ ఏడుస్తోంది.

శ్యామల నంబరు నొక్కి, అడ్డంగా వచ్చి నిలబడి, ఫోన్ అతని ముఖం ముందు పెట్టింది.

సదానందం అంగీ జేబులో ఫోన్ మోగింది.