స్పీకరు ఆపిన తర్వాత

పీహెచ్‌డీ అయ్యాక ఆమె ఈ పరిశోధనలో చేరింది. లోపలి చెవిలో చచ్చిపోయిన కణాలను మళ్లీ మొలిపించే మందు మీద పరిశోధన అది. రేపు ఫలితం చూపించకపోతే ఉద్యోగం ఉండదు. ఈ రాత్రి ల్యాబులో చూస్తే, ఆ మందు వేసిన వేలెడంత చెవిటి ఎలుక ఆమెను ముప్పుతిప్పలు పెట్టి మూడు చెరువుల నీళ్లు తాగిస్తోంది.

పరీక్షకు ముందు స్పీకరు ఆపేసి, మత్తులో ఉన్న ఎలుక మెదడు స్పందనను చూపే గీత తెర మీద తిన్నగా ఉందో లేదో చూసుకోవాలి. చప్పుడు లేనప్పుడు గీత లేవకూడదు. వైర్లు మార్చింది, తలుపు మూసింది, అయినా గీత ఉండుండి లేస్తూనే ఉంది.

"భగవంతుడా, దీనికేం వినబడుతోంది?" అని నెత్తి కొట్టుకుంది.

అంతలో భర్త ఫోను చేశాడు. "ఇంకా ఎంతసేపు? ఆ ఎలకనీ ఇంటికే తెచ్చుకోరాదూ, దానికీ పక్కేస్తాను."

"మీ వెటకారం ఒక్కటే తక్కువైందండీ ఇప్పుడు!"

"సర్లే, ముందు ఆవిడకు పలుకు. ఇందాకట్నుంచీ నిన్ను పేరు పెట్టి పిలుస్తోంది."

"ఇక్కడెవరూ లేరండీ. నేనొక్కదాన్నే."

"అదిగో, మళ్లీ పిలిచింది."

ఆమెకేమీ వినబడలేదు. గీత మాత్రం సరిగ్గా అప్పుడే లేచింది, ఇందాకటి కన్నా ఎత్తుగా.