మీ సంతోషమే మా సంతోషం

"పోస్టులన్నీ వాటంతటవే పడుతున్నాయి కదమ్మా. ఇక నీతో పనేముంది?" అన్నాడు బాబాయి, తన కేకుల షాపు కౌంటరు తుడుస్తూ.

షాపు పేజీలో నెలకు సరిపడా పోస్టులు ముందే అమర్చింది నేను. ఎవరు ఏం రాసినా "ధన్యవాదాలు, మీ సంతోషమే మా సంతోషం" అని జవాబు వెళ్లేలా పెట్టిందీ నేనే. అంత బాగా చేసినందుకే నా ఉద్యోగం ఊడింది.

వారం తిరక్కుండా బాబాయి ఫోన్ చేశాడు.

"కొంప మునిగింది తల్లీ. ఎవరో మహాతల్లి మన కేకు పులిసిపోయిందని రాస్తే, పేజీ ధన్యవాదాలు చెప్పింది. ఇప్పుడు ఊరంతా వచ్చి సరదాగా తిట్టిపోతోంది. తిట్టిన ప్రతివాడికీ మన సంతోషం చెబుతోంది."

"వాటంతటవే పడతాయి కదా బాబాయ్. నాతో పనేముంది?"

"బుద్ధి తక్కువై అన్నాను. రేపే పన్లోకి రా."

"చూస్తాలే," అని పెట్టేశాను. ఆ జవాబులు ఆపడం ఒక్క మీట నొక్కినంత పని. చెప్పలేదు.

పక్కనే అమ్మ, దొంగపేరుతో తెరిచిన ఖాతా ముందేసుకుని కూర్చుంది.

"ఏమంటున్నాడే మా మరిది?"

"రమ్మంటున్నాడు."

"ఆగు. క్రీము సంగతి ఇంకా రాయలేదు."