బకెట్టుకు చెమట పట్టదు

“పేర్లు లేవు, నంబర్లే ఉన్నాయి. ఎవరి పిల్లల బొమ్మ ఏదో ఎవరికీ తెలియదు. మనస్సాక్షిగా మార్కులు వేయండి,” అన్నాడు పళ్ల డాక్టరు, తన మార్కుల కాగితానికి మోచెయ్యి అడ్డం పెట్టుకుంటూ.

ఆయన ఆ స్కూల్లో ప్రతిభావంతుల తల్లిదండ్రుల సంఘానికి అధ్యక్షుడు. లైబ్రరీ గదిలో పొడుగు బల్ల చుట్టూ ఆయనతో కలిపి ఆరుగురు సభ్యులు కూర్చున్నారు. ఎదురుగా గోడకు వాళ్ల పిల్లలు గీసిన ఆరు చార్టులు వేలాడుతున్నాయి. ‘ఇంటికి పనికొచ్చే కొత్త యంత్రం’ అన్నది పోటీ అంశం. నెగ్గిన ఒక్కరికే వేసవి సైన్సు శిబిరంలో సీటు. టీచర్లు ఎంపిక చేస్తే పక్షపాతం చూపిస్తారని పోట్లాడి మరీ ఆ పని సంఘమే నెత్తికెత్తుకుంది. ప్రతి ఒక్కరూ ఆరు బొమ్మలకూ ఒక్కోదానికి పదికి ఇన్నని మార్కులు వేయాలి.

ఆ ఆరుగురిలో ఒకరైన టైలరమ్మకు ఆ సీటు కావాలి. ఆ శిబిరంలో పెద్ద టెలిస్కోపు ఉందట, దాంట్లోంచి చూస్తే శనిగ్రహం చుట్టూ ఉన్న వలయాలు కనబడతాయట. నెల రోజులుగా కూతురు పండుది ఇంట్లో ఇదే పాట. సీటు రాకపోతే ఆ పిల్ల మొహం ఎలా చూడాలో తల్లికి తెలియడం లేదు.

బొమ్మ చూపించవే అని ఎంత బతిమాలినా, అది నిబంధనలకు విరుద్ధమని పండు తలుపేసుకుని గీసింది. అయితే మాత్రం కన్నతల్లికి తెలియదా? మూడో నంబరు చూడగానే టైలరమ్మ కడుపు నిండిపోయింది. విడిపోయిన మేజోళ్లను వెతికి జతచేసే యంత్రం అది. గీతలన్నీ తిన్నగా ఉన్నాయి. నాలుగు వైపులా బొటనవేలంత అంచు వదిలి ఉంది. బట్ట కత్తిరించేటప్పుడు కుట్టు కోసం తను వదిలేదీ అంతే. ఇంకేం కావాలి? కళ్లు మూసుకుని మూడుకు పది వేసేసింది.

చిక్కల్లా తక్కినవాటితోనే వచ్చింది. ఒకటి, రెండు, నాలుగు, అయిదు దేనికదే బాగున్నాయి. నిజంగానే బాగున్నాయి, అదే ఆమె బాధ. వాటికి తలా రెండు వేసింది. మిగిలినదానికీ రెండే వేస్తే కడుపుమంట కాగితం మీద కనబడిపోతుంది. ఒక్కదానికైనా ధారాళంగా వేయాలి. అదీ కొంప ముంచనిదై ఉండాలి.

ఆరో నంబరే ఆమెను ఆదుకుంది. అందులో ఒక వంకరటింకర బకెట్టు, దానికి తాడుతో కట్టేసిన ఫ్యాను, కింద ఒకే ఒక్క వాక్యం: ‘దీనివల్ల బకెట్టుకు చెమట పట్టదు’. ఈ బొమ్మ గీసిన బిడ్డను కన్నతల్లి ఎవరో పాపం అని టైలరమ్మ మనసులోనే జాలిపడింది. ఆ జాలిలోనే తొమ్మిది వేసింది. వేశాక తన పెద్దమనసుకు తనకే ముచ్చటేసింది.

“ఆరులో ఏదో ఉందండీ,” అన్నాడు పక్కన కూర్చున్న బస్సు డ్రైవరు. ఉందని అందరూ తలలూపారు. ఏముందో మాత్రం ఎవరూ చెప్పలేదు.

డాక్టరు మార్కులు కూడాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ కూడాడు. నమ్మకం కుదరక డ్రైవరు చేత కూడా కూడించాడు. నాలుగు బొమ్మలకు తలా ఇరవై. మూడుకు ఇరవై ఎనిమిది. ఆరుకు యాభై నాలుగు.

ఆరుగురూ ఆరుకు తొమ్మిదే వేశారు. అందరి బుర్రలోనూ నడిచింది ఒకటే లెక్కని తెలిశాక ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. టైలరమ్మకు ఏడుపు ముంచుకొచ్చింది. సీటు పోతే పోయింది, పోయి పోయి బకెట్టుకు పోవడమేమిటి?

మళ్లీ వేద్దామా అని డాక్టరు గొణిగాడు. అలాగైతే ఇప్పుడు తొమ్మిదెందుకు వేశామో ముందు చెప్పుకోవాల్సి వస్తుందని డ్రైవరు అన్నాడు. ఆ ముచ్చట అక్కడితో ఆగిపోయింది. డాక్టరు పేర్లున్న కవరు చించాడు.

మూడో నంబరు ఆయన కొడుకుదే. టైలరమ్మ ఏరికోరి గుర్తుపట్టి మరీ పదికి పది పళ్ల డాక్టరింటికి పంపించింది. వరసగా చదువుతూ వచ్చిన ఆయన ఆరో నంబరు దగ్గర ఆగి, ఆమె వైపు చూశాడు.

“అమ్మా, బకెట్టు మీ పాపది.”

సీటొచ్చిందన్న సంతోషం ఒకవైపు, తన కూతురంత తెలివైన పిల్ల లేదని ఇన్నాళ్లూ వీధి వీధంతా చాటిన సిగ్గు ఒకవైపు, రెండూ కలిసి ఆమె మీద పడ్డాయి. ఒక్కొక్కరే వచ్చి అభినందించారు. వినడానికి అన్నీ పరామర్శల్లాగే ఉన్నాయి.

బయట వరండా మెట్టు మీద పండు షూ లేసు కట్టుకుంటోంది. సీటు నీదేనని తల్లి చెబితే ఆ పిల్ల గంతులు వేయలేదు సరికదా, ఆశ్చర్యమైనా పడలేదు. శనిగ్రహం చూడటానికి ఏ రోజు బయల్దేరాలని మాత్రం అడిగింది. టైలరమ్మ ఇక ఉండబట్టలేకపోయింది.

“అది సరేగాని, ఏమిటే ఆ బకెట్టు? అంతకంటే మంచి బొమ్మ గీయడం రాదా నీకు?”

“ఎందుకు రాదమ్మా? మంచిది గీస్తే మీరంతా రెండేగా వేస్తారు.”